బరువు లేని కేక

రాక్ పాట రికార్డు చెయ్యడానికి రైలుపట్టా ఎందుకని కలకత్తా నుంచి వచ్చిన రికార్డింగు దాదా పొద్దుటి నుంచీ అడుగుతూనే ఉన్నాడు. అడిగిన ప్రతిసారీ చినబాబు తల వంచుకుని గిటారు తీగలు బిగించుకున్నాడు. చివరికి నాకే ఒళ్ళు మండి, "మీరు మైకులు చూసుకోండి దాదా, పట్టా సంగతి మేం చూసుకుంటాం" అని హిందీలో అనేశాను. డ్రమ్ములు వాయించేవాడికి ఆమాత్రం కోపం ఉండాలి, లేకపోతే అంత చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుంది?

నా పేరు ఆదిబాబు. చినబాబు వాళ్ళదీ మాదీ టాటానగర్ రైల్వే కాలనీలో పక్కపక్క క్వార్టర్లు. వాడు లీడ్ గిటారు, నేను డ్రమ్స్, సోమేశ్వరరావు బేస్. క్లబ్బుల్లోనూ కాలేజీ ఫంక్షన్లలోనూ వాయించి వాయించి, ఎనభై మూడు నాటికి కుర్రాళ్ళ దగ్గర కాస్త పేరూ, పెద్దవాళ్ళ దగ్గర బోలెడు తిట్లూ సంపాదించుకున్నాం. మా హోరుకి పొయ్యి మీద పాలు విరిగిపోతున్నాయని చినబాబు తల్లి సింహాచలమ్మత్త కాలనీ అంతా చెప్పుకునేది. అయినా కొడుకు వాయిస్తుంటే గడపలో కూచుని వినేది కూడా ఆవిడే.

మేం పంపిన క్యాసెట్టు విని కలకత్తాలో ఒక రికార్డు కంపెనీ వాళ్ళు దాదాని, ఒక పెద్ద టేపు మిషన్నీ పంపించారు. స్టూడియో అంటే మీరేదో ఊహించుకోకండి. ఆదిత్యపూర్‌లో సోమేశ్వరరావు నాన్నగారి వర్క్‌షాపు మూతపడి ఏడాదైంది. ఆ ఖాళీ షెడ్డుకి గోడల నిండా గోనెసంచులు, పాత పరుపులు కట్టి, రేకుల కింద దుప్పట్లు వేలాడదీసి, దానికే స్టూడియో అని పేరు పెట్టుకున్నాం. వారం రోజులుగా అక్కడే పడుండి ఐదు పాటలు పూర్తి చేశాం. మిగిలింది ఆరోది. కంపెనీ వాడు దాదాతో స్పష్టంగా చెప్పి పంపాడట: ఆ ఐదులాంటివి ఏ ఊళ్ళో అయినా దొరుకుతాయి, ఈ ఆరో పాట కోసమే మిషన్ పంపుతున్నాను, అది లేకపోతే రికార్డే లేదు అని. ఆ మధ్యాహ్నం రైలుకి దాదా మిషన్‌తో సహా వెళ్ళిపోతాడు. అంటే మా ముగ్గురి బతుకూ ఆ ఒక్క పూట మీద వేలాడుతోంది.

ఆ పాట చినబాబు సొంతం, సొంతం కాదు కూడా. వాడి నాన్న తవిటయ్య మావ రైల్వేలో గ్యాంగ్ మేట్, అంటే పట్టాలు సరిచేసే కూలీల జట్టుకి పెద్ద. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే ఆ గ్యాంగులో ఎక్కువ. పట్టా ఎత్తాలంటే ఇనప పట్కార్లు వేసి, ఇటూ అటూ మనుషులు నిలబడి, మేట్ కేక వేస్తే దానికి బదులు పలుకుతూ ఒక్కసారిగా లేపుతారు. కేక ఆపితే ఆగుతారు, దించే కేక వేస్తే దించుతారు. చిన్నప్పుడు నాన్నకి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళి వినీ వినీ చినబాబు ఒంట్లోకి ఆ కేక ఎక్కేసింది. పెద్దయ్యాక దాన్నే గిటారు మీద, బాగా మోటుగా, ఆంప్లిఫయర్ బద్దలయ్యేలా వాయించడం మొదలుపెట్టాడు. విన్నవాడికి నడుం దానంతటదే వంగేది. నిజం చెబుతున్నాను, అంతటి వాయింపు నేను మళ్ళీ వినలేదు.

ఈ సంగతి తవిటయ్య మావకి తెలియనివ్వలేదు. కానీ తెలిసింది. ఒకరోజు డ్యూటీ దిగి వస్తూ, మా వరండాలో చినబాబు వాయిస్తుంటే గుమ్మం ముందు ఆగిపోయాడు. చేతిలో క్యారేజీ అలాగే ఉంది.

"అదేటిరా నువ్వు వాయిత్తన్నాది?" అన్నాడు.

చినబాబు చెయ్యి ఆగిపోయింది.

"ఎత్తే కేక కాదేటి అది? బరువేదిరా? ఎవులెత్తుతున్నారు, ఏటెత్తుతున్నారు? బరువు లేకుండా కేకెయ్యకూడదని నీకు తెల్దేటి?"

"మ్యూజిక్ హై నాన్నా, బస్. మాటల్లేవు కదా" అన్నాడు చినబాబు. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పడం మా కుర్రకారుకి అలవాటు.

"మాటలెందుకురా? ఈ ఒళ్ళు మాటలు వింతాదేటి?" అని మావ తన ఛాతీ మీద చరుచుకున్నాడు.

ఆ కట్టుబాటు ఊరికే పుట్టలేదు. వాళ్ళంతా రైల్వేలో చేరకముందు ఒక కాంట్రాక్టరు కింద పని చేసేవాళ్ళట. అప్పుడు ఎవడో కొత్త కుర్రాడు పట్టా గాల్లో ఉండగా సరదాకి దించే కేక వేశాడు. ముందువాళ్ళు వదిలేశారు, వెనకవాళ్ళు వదల్లేదు. ఇప్పుడు మావ గ్యాంగులో ఉన్న పోలయ్య కుడికాలి వేళ్ళు ఆ పూటే పోయాయి. ఇప్పటికీ ఆయన చెప్పులో గుడ్డ కుక్కుకునే నడుస్తాడు. కేక చెవిన పడగానే ఆలోచన లేకుండా ఒళ్ళు పని చేస్తుంది కాబట్టి, దానితో ఆటలు కూడదని వాళ్ళ నియమం. మావ ఆ నియమం తప్పగా ఎవరూ చూడలేదు.

చినబాబు పది రోజులు బతిమాలాడు. కంపెనీ వాడికి ఆ పాటలో నిజం కేకలు కావాలి. క్యాసెట్టులో గిటారు ఒక్కటే ఉంది. మావ చుట్ట కాల్చుకుంటూ కూచుంటాడు. మధ్యలో నేను వెళ్ళి సిఫార్సు చేస్తే, "కందకి లేని దురద కత్తిపీటకెందుకురా" అని నన్ను పంపించేశాడు. చివరికి సింహాచలమ్మత్త ఏం చెప్పిందో ఏమో, ఒక పొద్దున్న ఆయనే మా వాకిట్లోకి వచ్చాడు.

"నిజం పట్టా ఎత్తుదాం. నా మనుసులు ఎత్తుతారు, నాను కేకేత్తాను. బరువుంటే తప్పునేదు." తర్వాత కొడుకు వైపు వేలు చూపించాడు. "ఒకటే మాట. పట్టా గాల్లో ఉన్నంతసేపూ నీ వాయింపు నా గొంతు మీదకి రాకూడదు. కిందెట్టినాక నీ ఇష్టం, ఊరు ఎగరేసుకో."

"ఠీక్ హై నాన్నా" అన్నాడు చినబాబు. ఆ మాట అంటున్నప్పుడు వాడి ముఖం ఎలా వెలిగిందో చెప్పలేను.

అలా ఆ ఆదివారం ఎనిమిది మంది గ్యాంగు మనుషులు ఖర్కాయి ఏటి వంతెన దాటి ఆదిత్యపూర్ వచ్చారు. పెళ్ళికి వచ్చినట్టు ఉతికిన చొక్కాలు వేసుకొచ్చి, షెడ్డులో అడుగుపెట్టగానే విప్పేసి మేకులకి తగిలించారు. పట్కార్లు తెలిసిన కాంట్రాక్టరు దగ్గర అడిగి తెచ్చాం. పట్టా ముక్క షెడ్డులోదే, వెనకటికి మిషన్లు జరపడానికి వాడింది. మావ దాని చుట్టూ తిరిగి, తుప్పు గోకి, రెండు కొసలూ తట్టి చూశాడు. ఏ గోడ దగ్గర ఎత్తాలో, ఏ గోడ దగ్గర దించాలో సున్నంతో గీతలు గీయించాడు. గిటారు సోలో మొదలవ్వాల్సింది పట్టా రెండో గీత దగ్గర నేల తాకాకే. ఇది అందరికీ తెలుసు. తెలియదని ఎవరూ అనలేరు.

మొదటిసారి టేపు తిప్పగానే కరెంటు నీరసించింది. బల్బులు ఎర్రగా మారిపోయాయి, దాదా చెయ్యెత్తి ఆపేశాడు. అసలే టైము లేదు, గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆదిత్యపూర్ కరెంటుకి దండం పెట్టి కూచున్నాం. దాదా గడియారం చూడ్డం, చినబాబు బొటనవేలు కొరుక్కోవడం, గ్యాంగువాళ్ళు గోడవారగా గొంతుక్కూచుని మా ముగ్గురి జుట్టు చూసి నవ్వుకోవడం. సన్యాసిరావు అనే ఆయన నన్ను అడిగాడు, "బాబూ, ఆ డబ్బాలన్నీ నువ్వొక్కడివే కొడతావేటి? మనిసిని పెట్టుకోవచ్చు కదా?" నవ్వుతూనే నేను దాదా గడియారం వంక చూశాను.

బల్బులు మళ్ళీ తెల్లబడ్డాయి. దాదా పరుగెత్తి మిషన్ దగ్గర కూచున్నాడు. "ఇదే ఆఖరు అనుకోండి" అన్నాడు.

మనుషులు పట్కార్లు పట్టుకున్నారు. పోలయ్య వెనక కొసన, గోడకీ పట్టాకీ మధ్య నిలబడ్డాడు. మావ ముందు వరసకి ఎడంగా, మైకు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. నేను కర్రలు ఎత్తాను. చినబాబు తీగ మీద మెల్లగా, మాట ఇచ్చినట్టే లోగొంతుతో మొదలుపెట్టాడు.

"పట్టు బిగించూ!"

"హైసా!"

"నడుం వంచూ!"

"హైసా!"

"లేచొచ్చిందమ్మా!"

"హైసా!"

పట్టా లేచింది. నా పాతికేళ్ళ బతుకులో డ్రమ్ముల వెనక కూచుని అంత ఆనందం ఎప్పుడూ పడలేదు. ఎనిమిది జతల కాళ్ళు నా దెబ్బకి ఒక్కటిగా పడుతున్నాయి, ఆ కేకకి గిటారు జవాబు చెబుతోంది, రేకులు అదురుతున్నాయి. దాదా తల ఊపుతూ మాకు బొటనవేలు చూపించాడు. పాట దొరికింది, రికార్డు వచ్చేసింది, కలకత్తా కాదు, బొంబాయే వెళ్తాం అనుకున్నాను.

షెడ్డు సగం దాటారో లేదో, చినబాబు కళ్ళు మూసుకున్నాడు. వాడు కళ్ళు మూసుకుంటే ఏం జరుగుతుందో నాకు తెలుసు. స్టేజీ మీద అయితే అదే మా అదృష్టం. వాడి కాలు హోరు పెంచే పెడల్ మీద పడింది. గిటారు లేచింది. ముందు ఒక మెట్టు, తర్వాత ఇంకొక మెట్టు, ఆ తర్వాత షెడ్డులో ఇంక దేనికీ చోటు లేదు.

మావ గొంతు పెంచాడు. గిటారు ఇంకా పెరిగింది. వెనక కొసన ఉన్నవాళ్ళకి కేక అందడం లేదని నాకు కనిపిస్తోంది. పోలయ్య మెడ ముందుకు చాచి, మావ పెదవులు చూసి అడుగు వేస్తున్నాడు. మావకీ అది కనిపించింది. మైకు వదిలేసి రెండడుగులు వెనక్కి వచ్చి, మెడ నరాలు ఉబ్బిపోయేలా అరిచాడు. రెండో గీత దగ్గరకి వచ్చేశారు. ఇంక దించే కేక వెయ్యాలి.

మావ నోరు తెరిచాడు. గాలి వచ్చింది, గొంతు రాలేదు.

మళ్ళీ తెరిచాడు. ఏదో చిరిగినట్టు గరగరమంది, అంతే. ముప్పై ఏళ్ళుగా యార్డు ఆ చివరికి వినిపించిన గొంతు నా కళ్ళ ముందే తెగిపోయింది. మావ చేత్తో కంఠం పట్టుకుని నిలబడ్డాడు. అలాంటి భయం ఆయన ముఖంలో నేను ఎప్పుడూ చూడలేదు.

ఎనిమిది మందీ పట్టాతో ఆగిపోయారు. కేక లేకుండా దించకూడదు, ఒక్కడు వదిలినా పట్టా రెండో కొస ఎగిరి కాళ్ళ మీద పడుతుంది. మోయనూ లేరు. మోచేతులు వణకడం మొదలైంది. పోలయ్య కుడికాలు జారుతోంది, సరిచేసుకుంటున్నాడు, మళ్ళీ జారుతోంది. సన్యాసిరావు ముఖం నల్లబడిపోయింది. చినబాబు మాత్రం కళ్ళు మూసుకుని, బతుకులో ఎన్నడూ వాయించనంత గొప్పగా వాయిస్తున్నాడు. సోమేశ్వరరావూ నేనూ వాయింపు ఆపేశాం, నేను వాడి పేరు పెట్టి అరిచాను. నా అరుపు నాకే వినపడలేదు. అప్పుడు చేతిలో కర్ర తీసి వాడి ముఖం మీదకి విసిరేశాను.

కర్ర చెవి పక్కన తగిలింది. కళ్ళు తెరిచాడు. తండ్రిని చూశాడు, పట్టాని చూశాడు, పోలయ్య కాలుని చూశాడు. ఒక్క గుంజుతో గిటారు వైరు పీకేశాడు. ఆంప్లిఫయర్ పిడుగు పడ్డట్టు ఫట్టుమని ఆగిపోయింది.

చినబాబు అప్పటిదాకా ఆ కేక నోటితో అనలేదు. తండ్రి అననివ్వలేదు. ఇప్పుడు అన్నాడు. గొంతు సన్నగా ఉంది, వణుకుతోంది, కానీ అందరికీ వినపడింది.

"మెల్లగొచ్చీ!"

"ఓహో!"

"నేలతల్లీ అందుకో!"

"ఓహో!"

"ఒగ్గీ!"

వదలమన్న ఆ మాటకి పట్టా ఒక్క చప్పుడుతో నేల మీద పడింది. ఎవరి కాలూ దాని కింద లేదు. పోలయ్య అక్కడే చతికిలబడి మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. నేను డ్రమ్ము పట్టుకుని కూచున్నాను. ఆ రోజు చినబాబుని చంపెయ్యాలన్నంత కోపం వచ్చింది, వాణ్ణి కావలించుకోవాలనీ అనిపించింది.

దాదా టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. వినిపించకపోయినా బాగుండేది. గిటారు హోరు, దాని కింద మావ గొంతు పెరిగి పెరిగి తెగిపోవడం, ఫట్టుమనడం, తర్వాత చినబాబు కేక. గ్యాంగు మనుషులంతా నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. మావ ఒక్కడే ఆ మిషన్ వంక చూస్తూ ఆఖరుదాకా విన్నాడు.

"ఇది కంపెనీ తీసుకోదు" అన్నాడు దాదా. మనిషి చెడ్డవాడు కాదు, ఆయన గొంతులోనూ బాధ ఉంది. "పాట మధ్యలో గిటారు చచ్చిపోయింది. రైలుకి ఇంకా టైముంది. ఏక్ బార్ ఔర్, ఇంకొక్కసారి చేద్దాం."

అందరం మావ వైపు చూశాం. ఆయన చెంబుడు నీళ్ళు తాగి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"ఎత్తుదాం" అన్నాడు. ఆ మాట గుసగుసలాగ వచ్చింది. "పట్టుకోండర్రా."

నాకు తెలుసు, అక్కడున్న ప్రతివాడికీ తెలుసు, ఆ గొంతు ఇంకో పట్టా ఎత్తలేదు. ఎత్తితే మిగిలిందేదో అది కూడా పోతుంది. అయినా వాళ్ళు వంగి పట్కార్లు అందుకున్నారు. పోలయ్య కూడా లేచి, చెప్పులో గుడ్డ సర్దుకుని తన చోటికి వెళ్ళి నిలబడ్డాడు. కొడుకు రికార్డు కోసం మావ, మావ మాట కోసం వాళ్ళు. చినబాబు ఒక్క మాట అంటే చాలు, ఆరో పాట ఉంటుంది, రికార్డు ఉంటుంది.

వాడు గిటారు పట్టీ తలమీదుగా తీసేశాడు.

"నా సెయ్యి పట్టేసినాది నాన్నా" అన్నాడు. అచ్చం మా వాళ్ళ తెలుగులో అన్నాడు. "ఏళ్ళు వంగడం లేదు. వాయించలేను."

వాడి చెయ్యి బంగారంలా ఉంది. గిటారుని పెట్టెలో పడుకోబెట్టి, రెండు గడియలూ ఆ వేళ్ళతోనే టకటకా బిగించాడు. మావ చూశాడు.

"మరి రికార్డు?" అన్నాడు దాదా.

"జో హై, వో హై" అన్నాడు చినబాబు, ఉన్నదే ఉందని.

దాదా టేపులు సర్దుకుని రిక్షా ఎక్కాడు. ఆ తర్వాతి సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. ఐదు పాటలతో రికార్డు వెయ్యలేమని కంపెనీ నుంచి కబురొచ్చింది. టేపులు కూడా తిరిగి రాలేదు. కాబట్టి మా రికార్డు కోసం మీరెక్కడా వెతక్కండి. వాణ్ణి నేను ఎన్నో విషయాల్లో తిట్టాను గానీ, చెయ్యి పట్టేసిందన్న ఆ అబద్ధం విషయంలో మాత్రం ఈనాటికీ తిట్టలేకపోయాను.

ఇంక ఆ మధ్యాహ్నం. మనుషులు చొక్కాలు వేసుకున్నారు, పట్కార్లు ఒక మూల పేర్చారు. అయినా ఎవరూ గుమ్మం వైపు కదలడం లేదు. పని ఎంత అలసట తెచ్చినా, వేళ ఎంత మించినా, మేట్ వెళ్ళమనేదాకా గ్యాంగు మనిషి కదలడు. బరువు ఎవరి కేకకి దిగిందో వాడే పంపాలి. వాళ్ళు వరసగా నిలబడి ఎదురు చూస్తున్నారు. నేను మావ వైపు చూశాను. కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. వాళ్ళలో ఒక్కడు కూడా మావ వైపు చూడటం లేదు. ఎనిమిది మందీ చినబాబునే చూస్తున్నారు.

చినబాబుకి అది అర్థమయ్యేసరికి ముఖం పాలిపోయింది. "సెప్పాల్సింది నానేనా?" అన్నాడు. తండ్రి వైపు తిరిగాడు, ఈ ఒక్కటీ నువ్వే చెయ్యి అన్నట్టు.

తవిటయ్య మావ మేకు మీద నుంచి చొక్కా తీసుకుని, నెమ్మదిగా బొత్తాలు పెట్టుకున్నాడు.

"సెప్పరా" అన్నాడు, వినీ వినపడకుండా. "ఆళ్ళు నిలబడున్నారు."

"ఎల్లండి" అన్నాడు చినబాబు.

ఆ మాటకి అందరికంటే ముందు కదిలినవాడు తవిటయ్య మావే.